చెల్లెలి నంబరు నుంచి వచ్చిన ఫైలు

బ్యాగులకు జిప్పులు వేసే ఆవిడను ఆ వీధిలో అందరూ జిప్పులమ్మ అనే పిలుస్తారు. మూడంతస్తుల దుకాణాల మేడలో మెట్ల కింద ఉన్న ఖాళీయే ఆమె కొట్టు. నిలబడితే తలకు తగులుతుంది కాబట్టి ఎవరొచ్చినా లేవదు. పొగరు అంటారు కొందరు. పొగరూ ఉంది, కాదనడానికి లేదు. అయితే అరిగిన రన్నర్ పీకి కొత్తది ఎక్కించడంలో ఆమె చేతికి వంక పెట్టినవాళ్లు లేరు.

"ఊరికే ఊడిపోయిందమ్మా ఈ జిప్పు" అని ఎవరైనా అంటే చాలు.

"ఊరికే ఊడదు. బీరువాలో పట్టాల్సింది బ్యాగులో కుక్కితే ఊడుతుంది" అంటుంది, తలెత్తకుండా.

ఆమెకు ఒక్కతే చెల్లెలు. మరిదిది పెద్ద ఉద్యోగం. కొన్నేళ్ల కిందట అతని ఆఫీసువాళ్లను ఇంటికి భోజనానికి పిలిచినప్పుడు, వంటింటి గడపలో నిలబడ్డ జిప్పులమ్మను చూసి ఎవరో "ఈవిడెవరు?" అని అడిగారు. "మాకు తెలిసినావిడ" అంది చెల్లెలు. జిప్పులమ్మ చేతిలోని గ్లాసు కింద పెట్టి, చెప్పులు వేసుకుని వచ్చేసింది. అప్పటి నుంచి మాటల్లేవు. తప్పు చేసింది అదే గనుక అదే ముందు మాట్లాడాలని ఈమె. చెప్పకుండా లేచిపోయింది అక్క గనుక అక్కే మాట్లాడాలని ఆవిడ. ఇద్దరూ ఒక్క కడుపున పుట్టినవాళ్లేనని దానివల్ల మాత్రం బాగా తెలిసింది.

అలాంటి చెల్లెలి నంబరు నుంచి ఒక రోజు ఫోనుకు ఒక ఫైలు వచ్చింది. దాని పేరు "పాత ఫోటోలు". వేరే మాట ఏమీ లేదు. మాట్లాడడానికి నోరు రాక ఫోటోలు పంపిందనుకుంది జిప్పులమ్మ. అనుకుని నొక్కింది. ఫోను ఏదో అనుమతి అడిగింది, ఇచ్చింది. మళ్లీ అడిగింది, మళ్లీ ఇచ్చింది. చెల్లెలు వచ్చి తలుపు తడితే నీకేం పని అని అడుగుతూ కూర్చుంటామా. ఫోటో మాత్రం రాలేదు. చిన్నప్పుడు ఒకే తానులోని గుడ్డతో ఇద్దరికీ గౌన్లు కుట్టించి తీయించిన ఫోటో ఒకటుండాలి, అదే అయ్యుంటుందని ఆమె లెక్క.

మర్నాడు ఫోను పెనంలా కాలింది. మధ్యాహ్నానికే చార్జింగ్ అయిపోయింది. ముట్టుకోకుండానే తెర వెలిగి ఆరిపోతోంది. ఎదురు వరసలో ఫోన్లు బాగుచేసే బట్టతలాయన ఉన్నాడు. మామూలుగా అయితే ఆయన దగ్గరికి ఆమె వెళ్లదు. ఆయనే బ్యాగు పట్టుకుని ఆమె దగ్గరికి రావాలి. ఆ రోజు వెళ్లింది.

ఆయన ముందు నెట్ ఆపేశాడు. "ఏదైనా ఫైలు తెరిచావా?"

"తెరిస్తే?"

"తెరిచావన్నమాట. ఎవరు పంపారు?"

"తెలిసినావిడ" అంది జిప్పులమ్మ. అన్నాకగానీ అది ఎవరి మాటో గుర్తు రాలేదు. ఆయనకు అదేమీ పట్టలేదు.

సెట్టింగుల్లోకి వెళ్లి ఫోనులో ఉన్న యాప్‌లన్నీ వరసగా చూశాడు. ఒకచోట ఆగాడు. దానికి పేరూ లేదు, బొమ్మా లేదు, చార్జింగ్‌లో సగం అదే మింగుతోంది. దానికి ఏమేమి అనుమతులున్నాయో తెరిచి చూపించాడు. మెసేజ్‌లు చదవొచ్చు, నంబర్లు చూడొచ్చు, తెరమీద ఏముందో చూడొచ్చు.

"ఇంటి తాళాల గుత్తి మొత్తం చేతిలో పెట్టావు కదమ్మా."

"తీసెయ్. తీసేముందు దాని లోపల ఫోటోలున్నాయేమో చూడు."

"ఫోటోల్లేవు, ఏమీ లేవు. ఇది ఫోటో వేషం వేసుకొచ్చిన యాప్."

"సరిగ్గా చూడు. కళ్లద్దాలు తుడుచుకుని చూడు."

"తుడుచుకునే చూశాను. ఆవిడ నీకేమీ పంపలేదమ్మా. ఆవిడ ఫోనుకు ఇదే పట్టింది, దానంతట అదే పంపుకుంటూ పోతోంది. నీకు పంపినట్టు ఆవిడకు తెలిసుండదు కూడా."

జిప్పులమ్మ బల్లమీద ఉన్న స్క్రూడ్రైవర్లను పొడుగువారీగా సర్దింది. ఆయన బయటి యాప్‌లేవీ పనిచేయకుండా ఫోనును సేఫ్ మోడ్‌లో పెట్టి, ఆ యాప్‌కిచ్చిన అనుమతులు ఒక్కొక్కటే లాగేసి, ఆపైన దాన్ని తీసేశాడు. ఇంకేమైనా మిగిలిందేమోనని స్కాన్ పెట్టాడు. బ్యాంకువాళ్లకు ఒక మాట చెప్పమని, పాస్‌వర్డులు వేరే ఫోనులోంచి మార్చుకోమని చెప్పాడు.

"ఎవరెవరికి పంపుతుందది?" అంది ఆమె.

"ఆవిడ ఫోనులో ఎవరెవరి నంబర్లు దాచుకుందో వాళ్లకి."

"దాచుకోని నంబర్లకి?"

"వాళ్లకెలా పోతుంది? ముక్కూ మొహం తెలియనివాళ్ల నంబరు దానికెక్కడిది?"

"తీసేసిన నంబరుకి?"

"తీసేస్తే ఇంకేముంది? పోదు. ఏం, ఎందుకలా గుచ్చి గుచ్చి అడుగుతున్నావు?"

ఇన్నేళ్లూ చెల్లెలు తన నంబరు తీసేసి ఉంటుందనే అనుకుంది జిప్పులమ్మ. తాను కూడా తీసేయాలని చాలాసార్లు కూర్చుంది. ఎలా తీయాలో తెలియదని తనకు తాను చెప్పుకుంది.

"ఆవిడకు చెప్పాలి. లేకపోతే ఇంకా పదిమందికి అంటిస్తుంది. ఇదిగో, నా ఫోనులోంచి చెయ్" అన్నాడాయన.

"వద్దు. నాదాంట్లోంచే చేస్తాను." తెలియని నంబరని ఎత్తితే అందులో ఏముంది. చేసింది అక్కేనని చూసి ఎత్తాలి, లేదా చూసి మానేయాలి.

స్కాన్ అయ్యేదాకా బల్ల దగ్గరే నిలబడింది. తర్వాత నంబరు నొక్కి చెవికి ఆనించుకుంది. చాలాసేపు మోగింది. ఆయన వినపడనట్టు చిన్న బ్రష్షుతో ఏదో తుడుస్తూ కూర్చున్నాడు.

"అక్కా" అంది అవతలి గొంతు. "నువ్వు కూడా తిట్టడానికేనా? పొద్దున్నుంచి ఒకటే ఫోన్లు."

"తిట్టడానికే. బుద్ధుందా నీకు? ఏది పడితే అది నొక్కడమేనా?"

"నువ్వు నొక్కలేదా?"

"నా సంగతి నీకెందుకు? ముందు నెట్ ఆపు."

"ఆపడం నాకేం తెలుసు? మా ఆయన ఊళ్లో లేరు." ఆ వెంటనే, "నీ కొట్టెక్కడ?" అంది.

"ఇన్నేళ్లకి అడిగావు. స్టేషన్ రోడ్డులో దిగి జిప్పులమ్మ ఎక్కడని అడుగు, చంటిపిల్లలు కూడా చెబుతారు."

"జిప్పులమ్మా?"

"అవును. ఏం, నచ్చలేదా?"

"ఆటో ఎక్కుతున్నాను" అంది చెల్లెలు.

జిప్పులమ్మ ఫోను పెట్టేసింది. బట్టతలాయన భోజనానికి వెళ్లాలని అప్పటికే షట్టర్ సగం దించాడు.

"ఒకామె వస్తోంది. ఉండు" అంది ఆమె.

"ఎవరు?"

"మా చెల్లెలు."

ఆయన షట్టర్ మళ్లీ పైకి నెట్టాడు.