ఇద్దరినీ తీసుకుపోతేనే

సహోదరులారా, మూడుసార్లు కడుపు పోయిన తరువాత నేను గుడికి రావడం మానలేదు గానీ దేవునితో మాట్లాడటం మానేశాను, ప్రార్థనలో పెదవులు కదిలేవి, అంతే. పక్కింట్లో ఉయ్యాల ఫంక్షన్ అంటే తలనొప్పి అని పడుకునేదాన్ని. మార్కాపురంలో మా నాయన పెట్టిన స్టీలు సామాన్ల కొట్టును నేనూ మా ఆయనా నడుపుతున్నాం, పగలంతా కొట్టులో నవ్వుతూ బేరాలాడి ఇంటికి వచ్చి తాళం తీస్తే, లోపల అడుగు పెట్టబుద్ధి అయ్యేది కాదు.

అట్లాంటి రోజుల్లో ఒక ఆదివారం పాస్టరయ్య ఒక సంగతి చెప్పారు. పిల్లలు పెద్ద హోముల్లో కాక ఇళ్ళల్లో పెరగాలని అధికారులు చెప్పడంతో, గిద్దలూరు దారిలోని పిల్లల హోము మూతపడుతోందట. అక్కడి పిల్లలను దత్తతగా కాకపోయినా పెంచుకునే కుటుంబాలు కావాలట, దొరకకపోతే పొదిలిలో ఎనిమిదిమందిని ఒక అమ్మ చూసుకునే చిన్న ఇంటికి పంపుతారట. మా ఆయన నా వైపు చూశారు, నేను పాటల పుస్తకం వైపు చూశాను. అయినా శనివారం వెళ్ళాం.

వెళ్ళీ వెళ్ళగానే ఆరేళ్ళ స్నేహ వచ్చి నా ఒళ్ళో కూర్చుని గాజులు తిప్పడం మొదలుపెట్టింది. నా మనసు అక్కడే దాని మీద పడిపోయింది, కానీ కొట్టులో పెరిగినదాన్ని, ముఖంలో కనపడనిస్తానా? “ఈ చిన్నపిల్ల అయితే చూస్తాం” అన్నాను.

దాని అక్క కీర్తన, పదకొండేళ్ళది, ముందుకు వచ్చింది. “ఇద్దరినీ తీసుకుపోతేనే పెద్దమ్మా. లేకుంటే ఇద్దరం పొదిలికే పోతాం.”

“పెద్దపిల్లలు మాట వినరమ్మా.”

“నేను వింటా. వినంది అదే.”

వార్డెన్ అక్క నవ్వు ఆపుకుంటూ కిటికీ వైపు తిరిగింది.

కొట్టుకు సరుకు కొనేచోట బేరం కుదరకపోతే మేము లేచి గడప దాటుతాం, వెనక నుంచి “రామ్మా, రా” అని పిలుస్తారు, ఎప్పుడూ అంతే. నేనూ లేచాను. చెప్పులు నిదానంగా తొడుక్కున్నాను, గేటు దగ్గర కొంగు సర్దుకున్నాను, ఆటో దగ్గర మళ్ళీ సర్దుకున్నాను. ఎవరూ పిలవలేదు.

“ఏందే, బిడ్డను గిన్నె అనుకుంటివా, వెనక్కి పిలిచేదానికి?” అన్నారు మా ఆయన.

ఆటో ఎక్కలేకపోయాను. అన్నేళ్ళ తరువాత ఆ రోడ్డు పక్కన నిజంగా ప్రార్థించాను. “ప్రభువా, బిడ్డను ఇయ్యలేదని నీ మీద అలిగినాను. ఇద్దరిని ఇస్తుంటే ఒకరు చాలని లేచి వచ్చినాను. పెద్దది నన్ను దగ్గరకు రానీయకపోతే ఎట్లని భయం తండ్రీ. ఆ భయం తీసెయ్యి.” బాగా ఏడ్చాను, ఆటో అతను నీళ్ళ బాటిల్ ఇచ్చాడు. భయం పోలేదు గానీ, దానితోనే వెనక్కి నడవగలిగాను, అదే నాకు దేవుడు చేసిన కార్యం.

“మళ్ళీ వచ్చినారే” అంది కీర్తన.

“ఇద్దరూ రండి.”

“మా బట్టలు ఒకే పెట్టెలో ఉన్నాయి, మోయలేరు. పెదనాయనను పిలవండి.”

పెట్టె వెంటనే కదలలేదు. అధికారులు వచ్చి ఇల్లు చూశారు, మా ఇద్దరినీ విడివిడిగా ప్రశ్నించారు, కాగితాలు పూర్తయ్యేసరికి వానలు మొదలయ్యాయి. వచ్చిన కొత్తలో కీర్తన మంచినీళ్ళు తాగడానికి కూడా అడిగేది, పెట్టింది తిని కంచం కడిగి పెట్టేది, ఆ బుద్ధిమంతురాలిని చూస్తే నాకు దిగులుగా ఉండేది. మొన్న మంగళవారం కంచం జరిపి, “రోజూ ఉప్మానేనా పెద్దమ్మా, మనుషులు తినేది ఇంకేం లేదా?” అంది. దేవునికే మహిమ. దోసెలు పోస్తూ స్తోత్రాలు చెప్పాను.

ఇంకా అమ్మా అని పిలవలేదు, నేనూ అడగలేదు. ప్రియులారా, ఆ హోములో ఇంకా ముగ్గురు అన్నదమ్ములున్నారు, చిన్నవాడు క్షణం కుదురుగా ఉండడని వార్డెన్ అక్క ముందే చెబుతోంది. మీకు భయంగా ఉంటే భయంతోనే వెళ్ళండి, ప్రభువును నమ్మండి, ముగ్గురినీ తీసుకురండి.