హెడ్డు మీద ఇంటూ గుర్తు

ఆ మిస్త్రీ నోట ఎప్పుడూ ఒకటే మాట: "చూసుకోండ్రి పటేలా." విప్పిన ప్రతి బోల్టునూ అరచేతిలో పెట్టుకుని నా ముఖం ముందుకు తెచ్చేవాడు. ఇన్నిసార్లు చూడమంటున్నాడంటే ఏదో దాస్తున్నాడనే నాకు అనిపించేది.

కరీంనగర్‌కు సీసం లేని పెట్రోలు వచ్చిన కొత్తలో మా పాత అంబాసిడర్‌ను అతని షెడ్డుకు తీసుకుపోయాను. "గీ పెట్రోలు పోస్తే పాత ఇంజన్ల వాల్వు సీట్లు అరుగుతయ్. ఇంజన్ మీది హెడ్డు తీసి, గట్టి సీట్లున్న కొత్త హెడ్డు ఎయ్యాలె," అన్నాడు.

నేను ఎవరినీ తొందరగా నమ్మే మనిషిని కాను. పాత హెడ్డునే కడిగి, రంగేసి, కొత్తదని బిగిస్తాడని నా అనుమానం. అతను దాన్ని విప్పి బల్ల మీద పెట్టి చాయ్ తాగడానికి పోగానే, అతని స్క్రూడ్రైవర్‌తోనే దాని అంచున ఇంటూ గుర్తు గీశాను.

సాయంత్రానికి పని అయిపోయింది. బానెట్ కిందికి వంగి చూస్తే, బిగించిన హెడ్డు అంచున ఇంటూ గుర్తు ఉంది.

"దొరికినవ్," అన్నాను.

అతను మూలనున్న గోనెసంచిలోంచి పాత హెడ్డు మోసుకొచ్చి నా కాళ్ల దగ్గర పెట్టాడు. దాని మీదా అదే గుర్తు, కాస్త వంకరగా.

"గిది మీరు గీసింది. బండికి బిగించిన గా కొత్త దాని మీద నేను గీసిన. రేపు ఇంకో మిస్త్రీ కాడ ఇప్పిస్తే, ఆయన దాన్ని మార్చిండో లేదో తెలుస్తది, మీకు ఫికర్ ఉండద్దని."

చేతులు గుడ్డకు తుడుచుకుంటూ, ఎప్పటిలాగే మెల్లగా అన్నాడు: "చూసుకోండ్రి పటేలా."

ఆ ఒక్కసారి నేను చూడలేకపోయాను.