నలభై ఐదు మైళ్ళ దగ్గర వణుకు

నలభై మైళ్ళ వేగం దాకా ఆ కారు బుద్ధిమంతురాలు. నలభై ఐదు దగ్గరికి రాగానే స్టీరింగు నా చేతుల్లో వణకడం మొదలుపెట్టేది. ముందు వేళ్ళకు తెలిసేది, తర్వాత మోచేతులకు, ఆ తర్వాత ముందు అద్దం గడగడలాడేది. యాభై ఐదు దాటిస్తే కొంచెం సర్దుకునేది. కానీ ఆ రోజుల్లో పెద్దపల్లి రోడ్డు మీద ఎదురుగా లారీ వస్తే ఒక పక్క చక్రాలు మట్టిలోకి దించాల్సిందే. అక్కడ యాభై ఐదు తోలే మొనగాడెవడు? తీరా గ్యారేజీకి తెచ్చి నిలబెడితే దానంత అమాయకురాలు లేదు. దవాఖాన గడప తొక్కగానే దగ్గు మానేసే రోగిని చూసినట్టు నాకు ఒళ్ళు మండేది.

అది డెబ్బయ్యో దశకం మొదట్లో మాట. గోదావరిఖనిలో బొగ్గు కంపెనీ గ్యారేజీలో నేను డ్రైవరును. ఇంకా పర్మనెంటు కాలేదు, కాగితాలు పైకి పోయి ఉన్నాయి. ఆ చుట్టుపక్కల గనులన్నిటికీ పెద్దసారు ఒకాయన ఉండేవాడు. ఆయన నల్లకారు నా చేతిలో ఉండేది. ఎండాకాలంలో హైదరాబాదు నుంచి కొత్త టైర్లతో వచ్చిన కారు. దాన్ని చూసుకొని నాకు కాస్త పొగరు కూడా ఉండేది, దాచుకోవడం ఎందుకు.

మా గ్యారేజీలో ఫిట్టరు ఒక్కడే. చుట్టరికం లేకపోయినా ఆయన్ని కాక అనే పిలిచేవాణ్ణి. నాకు బండి తోలడం నేర్పిందీ, సార్ల కాళ్ళావేళ్ళా పడి నన్ను గ్యారేజీలో పెట్టించిందీ ఆయనే. అంతకుముందు పదేళ్ళు బాయిలో చేశాడు. మా దిక్కు గనిని బాయి అంటారు. ఒక షిఫ్టులో కప్పు కూలింది. పక్కనున్న ఇద్దరూ అక్కడికక్కడే పోయారు. కాకను బండల కింది నుంచి తీసేసరికి షిఫ్టు మారింది. నడుము దెబ్బతిన్నదని పైన, గ్యారేజీలో, తేలిక పని ఇచ్చారు. నడుము ఏడాదిలో బాగైంది. చీకటి భయం మాత్రం పోలేదు. పట్టపగలు కూడా ఇంట్లో తలుపు మూయనిచ్చేవాడు కాదు.

దసరా అయ్యాక ఒక బుధవారం కరీంనగర్ నుంచి వస్తుంటే కారు ఎంత వణికిందంటే, పెద్దసారు ముందు సీటు పట్టుకొని కూర్చున్నాడు. దిగీదిగగానే కాకను పిలిచాడు.

"ఏమయ్యా, దసరాకు ముందు ఈ కారు చక్రాలు విప్పింది నువ్వే కదా?"

"అవును సార్. బిరేకులకు కొత్త లైనింగులు ఏసిన. గిరీసు పెట్టిన."

"అంతకుముందు లక్షణంగా ఉన్న కారు. శనివారం పొద్దున్నే నేను హైదరాబాదు వెళ్ళాలి. ఈలోగా బాగుచేశావా సరే. లేదంటే సోమవారం నుంచి నీకు గనిలోనే డ్యూటీ. నడుము నయమైందని డాక్టరు ఎప్పుడో రాసిచ్చాడు."

కాక చేతిలో ఉన్న గుడ్డతో పానాను తుడుస్తూనే ఉన్నాడు. అది అప్పటికే శుభ్రంగా ఉంది.

ఆయన చూసే పద్ధతి వేరు. మంచి కప్పేదో, కూలే కప్పేదో బాయి పనివాళ్ళు కర్రతో కొట్టి చెవితో తెలుసుకుంటారు. కాక కారుకు కూడా అదే వైద్యం చేసేవాడు. ఒక చిన్న ఇనుప చువ్వతో కారు కిందికి దూరి ఒక్కొక్క భాగాన్నీ కొట్టి వినేవాడు.

"కంగుమన్నదా, ఫికర్ లేదు. డొల్ల మోగిందా, ఉరుకాలె. గంతే," అనేవాడు.

బుధవారం సాయంత్రమంతా కొట్టాడు. స్టీరింగు రాడ్లు, ఇంజను కింది రబ్బర్లు, వెనక చక్రాలకు పోయే పొడుగు షాఫ్టు, దాని కీళ్ళు. అన్నీ కంగుమన్నాయి. తను వేసిన బ్రేకులు విప్పి మళ్ళీ బిగించాడు. వాటిలోనూ ఏ లోపం లేదు. లోపం దొరికితే బాగుండునని ఆయన, తన పనిలో దొరకకూడదని ఆయనే.

గురువారం పొద్దున ఇద్దరం రోడ్డెక్కాం. కాక వెనక సీటు తీసేసి నేల మీద బోర్లా పడుకొని చెవి ఆనించాడు. నేను వేగం పెంచుతూ అంకెలు అరిచి చెబుతున్నాను. నలభై. నలభై రెండు. నలభై ఐదు అనేసరికి స్టీరింగు మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే పక్క చేనులోంచి ఎడ్లబండి రోడ్డు మీదికొచ్చింది. కుడికి కోశాను. వణికే స్టీరింగు చేతిలోంచి జారింది, మళ్ళీ దొరికింది. ఎద్దు కొమ్ము అద్దానికి జానెడు దూరంలో పోయింది. కారును తుమ్మచెట్ల పక్కన ఆపి చూస్తే నా చొక్కా మొత్తం తడిసిపోయింది. బండాయన వెనక నుంచి మా ఏడు తరాలనూ తిడుతున్నాడు. కాక లేచి కూర్చొని మట్టి దులుపుకుంటూ మెల్లగా అన్నాడు.

"నేలల ఏం లేదు బిడ్డా. ముందట్నుంచి వస్తున్నది. చక్రాలు మార్చి సూద్దాం."

అక్కడే జాకీ వేసి ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకు వేశాం. మళ్ళీ నలభై ఐదు. ఈసారి స్టీరింగు నిమ్మళంగా ఉంది, నా సీటు వణుకుతోంది! కాక మొహం బుధవారం నుంచి మొదటిసారి విప్పారింది.

"దొరికింది దొంగ! నా బిరేకులు కాదు, నా గిరీసు కాదు. ముందటి రెండు చక్రాలల్లనే ఉన్నది."

మధ్యాహ్నం గ్యారేజీలో ఆ రెండింటినీ మళ్ళీ ముందుకే బిగించి, కారును పైకెత్తి ఒకదాన్ని తిప్పి వదిలాడు. తిరిగి తిరిగి ఆగింది. ఆగినచోట అడుగున సుద్దముక్కతో గీత పెట్టాడు. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ ఆ గీతే అడుగున ఆగింది. ఎన్నిసార్లు తిప్పినా అంతే. రెండో చక్రమూ అలాగే చేసింది.

"ఒకదిక్కు బరువెక్కువున్నది. ఎందుకున్నదో సమజైత లేదు. కొత్త టైర్లు గద," అన్నాడు.

నేను చక్రం ముందు గొంతుక్కూర్చొని ఉన్నాను. సుద్దగీతకు ఎదురుగా, పైభాగాన, ఇనుప అంచు మీద రెండు చిన్న నొక్కులు కనబడ్డాయి. వాటి మీద వెండిరంగు పూసి ఉంది. ఆ రంగు పూసింది నేనే. ఆ నొక్కులు నా స్క్రూడ్రైవరువి.



దసరాకు ఆయుధపూజ అంటే మా గ్యారేజీలో బండ్లకు పెళ్ళి చేసినంత హడావుడి. నల్లకారును నేనే కడిగాను. చక్రాలు గీకి, వెండిరంగు వేసి, పసుపు కుంకుమ పెట్టాను. గీకుతుంటే ముందు చక్రాల అంచులకు వేలెడంత సీసం ముక్కలు కరుచుకొని కనిపించాయి. అవి ఎందుకున్నాయో నాకు తెలీదు. హైదరాబాదులో టైర్లు వేసినవాళ్ళు యంత్రం మీద తిప్పి, చక్రం బరువు నాలుగు దిక్కులా సమంగా ఉండటానికి పెడతారని ఎన్నో ఏళ్ళకు గానీ నాకు తెలియలేదు. అప్పుడు నాకు తెలిసిందొకటే: సీసం. సెలవు రోజున గోదావరిలో వల విసరడం నాకు పిచ్చి. వల అంచుకు గుండ్లు తక్కువై చేపలు కింది నుంచి జారిపోతున్నాయి. ఐదు ముక్కలూ పీకి జేబులో వేసుకున్నాను. కరిగించి గుండ్లు పోసి వలకు కట్టాను. పండగ తర్వాత పదిరోజులు పెద్దసారు కాలనీ దాటి వెళ్ళలేదు. అందుకే కారు వణుకుతుందని ఎవరికీ తెలియలేదు, నా చేతి పని నాకే గుర్తు రాలేదు.

ఇప్పుడు గుర్తొచ్చింది. కాక నా పక్కనే నిలబడి ఉన్నాడు. నోరు తెరిస్తే నా పర్మనెంటు కాగితాలు పోతాయి. కంపెనీ కారు నుంచి సామాను పీకి వలకు కట్టుకున్న డ్రైవరును ఏ సారు ఉంచుకుంటాడు? మూసుకుంటే ఆయన బాయికి పోతాడు. ఈ రెండూ నాకు పగటి వెలుతురంత స్పష్టంగా తెలుసు.

"ఏందిరా, గట్ల సూస్తున్నవ్?" అన్నాడు.

"ఏం లేదు కాక. కండ్లల్ల దుమ్ము పడ్డది."

ఇంటికి పోయి అన్నం ముందు కూర్చున్నాను. ఇంకా శుక్రవారం ఉందిగా, కాకకు తనకుతానే ఏదో తోస్తుందిలే అని నాకు నేను చెప్పుకున్నాను. పిరికివాడికి ఒకరోజు గడువు దొరికితే పెన్నిధి దొరికినట్టే. నేను పిరికివాణ్ణి. ఆ మాట రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది.

శుక్రవారం కాక పదింటికి గానీ గ్యారేజీకి రాలేదు. ఎన్నడూ ఆలస్యం కాని మనిషి. వచ్చి, చక్రం ముందు కూర్చొని, ఊరికే తిప్పుతున్నాడు. గీత అడుగుకు పోవడం, మళ్ళీ తిప్పడం. మొహంలో నెత్తురుచుక్క లేదు. మధ్యాహ్నం టిఫిను మూత కూడా తీయలేదు. అది చూశాక ఇక నావల్ల కాలేదు. దగ్గరికి పోయి మొత్తం చెప్పేశాను.

తిడతాడనుకున్నాను. కొడితే పడదామనుకున్నాను.

"ఎన్ని ముక్కలు?"

"ఐదు."

"సీసమున్నదా?"

"వలకే ఉన్నది కాక."

"జల్ది తే పో."

సైకిలు మీద పోయి వలను కోసి గుండ్లు తెచ్చాను. కాక వాటిని సుత్తెతో సాగగొట్టాడు. సామాన్ల పెట్టెలకు చుట్టే ఇనుప పట్టీని కత్తిరించి కొక్కేల్లా వంచాడు. ఎన్ని గ్రాములో, ఎక్కడ పెట్టాలో చెప్పే యంత్రం మాకు లేదు. నొక్కులున్నచోట ఒక ముక్క పెట్టడం, తిప్పి వదలడం, చూడటం. గీత మళ్ళీ అడుగుకొస్తే ఇంకొంచెం సీసం. గీత పైకెక్కితే కొంచెం కోసేయడం. నాలుగింటికి మొదటి చక్రం ఎక్కడ వదిలితే అక్కడ ఆగింది. రెండోదానికి ఐదున్నర దాటింది.

పెద్దసారు స్వయంగా ఎక్కాడు. కాకను నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. పెద్దపల్లి రోడ్డు మీద నలభై దాటాక ముగ్గురం ఊపిరి బిగబట్టాం. నలభై ఐదు. నలభై ఎనిమిది. యాభై. స్టీరింగు నా చేతుల్లో చల్లగా పడుకొని ఉంది.

తిరిగొచ్చి దిగాక సారు అడిగాడు. "ఇంతకీ లోపం ఏమిటి?"

చెప్పాల్సింది నేను. నోరు తెరిచాను కూడా. మాట రాలేదు.

"చక్రం ఒకదిక్కు బరువైంది సార్. సరిచేసిన," అన్నాడు కాక.

"ముందే చూసుకోవద్దా?"

"నాదే తప్పు సార్."

"సరే, గ్యారేజీలోనే ఉండు. ఇకముందు జాగ్రత్త," అని సారు వెళ్ళిపోయాడు. నేను కాక చెయ్యి పట్టుకోబోయాను. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నిన్న మధ్యాన్నమే నీకు ఎరుకైంది గదా? చక్రం ముందట కూసున్నప్పుడు?"

అబద్ధం ఆడలేకపోయాను. "అవును కాక."

"నేను పొద్దుగాల బాయికాడికి పోయిన. సోమారం దిగుడు తప్పదు గద, ఒకసారి దిగి సూద్దామని. ఇరువై అడుగులు గూడ పోలె. లాగు తడిసింది. పొరగాండ్లందరు సూసిండ్రు." పానా అందుకుంటూ అన్నాడు. "ఇంట్ల అడిగితె పంపు దగ్గర జారిపడ్డనని చెప్పిన. నువ్వు గూడ గదే చెప్పు."

హైదరాబాదు నుంచి తిరిగొచ్చిన ఆదివారం కాక వాళ్ళింట్లో భోజనం. నేను రానన్నా కాక భార్య, చిన్నమ్మ, ఊరుకోలేదు. కారు బాగుచేసి మొగుడి కొలువు నిలబెట్టింది మేమిద్దరమేనని ఆమె సంబరం. నా కంచంలో ఇంకో ముక్క వేస్తూ అంది.

"మీ కాక పంపుకాడ జారి పడ్డడట బిడ్డా. నడుము మల్ల ఇరిగితె ఎట్ల? ఆయినె ఏం చెప్పడు. నువ్వన్న పక్కనుండి జర సూసుకోవాలె గద."

"సూసుకుంట చిన్నమ్మా," అన్నాను. కాక కంచంలోంచి తల ఎత్తలేదు.