నాలుగు మడులు, ఇరవై ఎనిమిది మంది

ఎనభైల చివర్లో, అయిదో తరగతి అయిపోయిన ఎండాకాలం, అమ్మ నన్ను పెన్‌పహాడ్ దగ్గరి మా ఊరి నుంచి సూర్యాపేటకు తీసుకెళ్లింది. హాస్టలుండే ఆడపిల్లల బడిలో సీటు కోసం. మా ఊళ్లో బడి అయిదుతో సరి. సీటు రాకపోతే వానలు పడగానే నేనూ అమ్మ వెంట నాట్లకు పోవాలి. ఇంట్లో ఎవరూ ఆ మాట అనలేదు గానీ నాకు తెలుసు.

రాత పరీక్షలో మార్కులు అటూ ఇటూగా వచ్చినవాళ్లను బోర్డు దగ్గరికి పిలిచారు. తలా ఒక లెక్క. తప్పితే ఇంటికే. కోదాడ, మిర్యాలగూడ నుంచి ఇస్త్రీ గౌన్లతో వచ్చిన పిల్లలే ఇద్దరు ఏడుస్తూ బయటికి పోయారు. నా వంతు వచ్చింది. లెక్కల మేడం కాగితం చూసి చదివింది.

"ఒక్కో మడికి నాటేవాళ్లు ఆరుగురు, నారు అందించే మనిషి ఒకరు కావాలి. నాలుగు మడులకు ఎంతమంది కావాలి? అంకెలు, గుర్తులతో సంఖ్యా సమాసం రాయి."

ఓస్, ఇంతేనా అనుకున్నాను. ఇది మా పనే కదా. 6 + 1 అని రాసి చాక్‌పీసు కింద పెట్టాను.

మేడం కళ్లద్దాలు సవరించుకుంది. "నాలుగు ఏది?"

"నాలుగు ఎందుకు మేడం? ఒక మడి అయినంక గాళ్లే ఇంకో మడిల దిగుతరు. మడికో ముఠాను ఎవలు తెస్తరు?"

మేడం పక్కన కూర్చున్న సారు ఒకాయన నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. ముక్కు మీద కోపం నాకు పుట్టుకతోనే ఉంది. జన్మలో బురదలో కాలు పెట్టని మనిషి, నన్ను చూసి నవ్వడమేమిటి?

"నాలుగు మడులల్ల ఒక్కసారే నాటేస్తున్నరనుకో," అంది మేడం. "మళ్లీ రాయి. ఇదే ఆఖరు."

"గట్ల ఎవ్వరూ..." అని మొదలుపెట్టి ఆగాను. కిటికీలోంచి అమ్మ కనిపించింది. వరండా మెట్టు మీద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికే చూస్తోంది. వాదిస్తే సీటు పోతుంది. చాక్‌పీసు మళ్లీ అందుకున్నాను.

6 + 1 × 4 అని రాశాను.

"విలువ కట్టు."

ముందు గుణకారం చేయాలి. నాలుగు. దానికి ఆరు కలిపితే పది. నారు అందించేవాళ్లు నలుగురైతే నాటేవాళ్లు ఆరుగురేనా? మేడం అప్పటికే నా పేరు మీద పెన్ను ఆనించింది. గబగబా అరచేత్తో తుడిచేసి, ఆరునూ ఒకటినీ బ్రాకెట్లో పెట్టి, బయట నాలుగుతో గుణించాను. (6 + 1) × 4. ఇరవై ఎనిమిది.

మేడం టిక్కు పెట్టింది. "జూన్‌ల బట్టలు సర్దుకొని రా," అంది.

బయటికొచ్చి అమ్మకు చెప్పాను. చెబుతుంటే ఏడుపొచ్చింది, కోపంతోనే.

"నాలుగు మడులకు ఇరవై ఎనిమిది మందని అబద్ధం రాసిన అమ్మా. మీరు ఏడుగురే నాటుతరు గదా. నిజం చెప్తే నవ్విండ్రు."

అమ్మ నా చేతికంటిన సుద్దను కొంగుతో తుడిచింది.

"రాస్తే రాసినవ్ తియ్ బిడ్డా," అంది. "గా ఇరవై ఎనిమిది మందిల నువ్వు లేవు. నాకు గంతే సాలు."