మా డాబా మీద ఎవరి మాగాయ?

ఈ రోజు ఉదయమే ఊటీ నుంచి అనకాపల్లిలో దిగాం. సూట్‌కేసులు విప్పితే బట్టలన్నీ మాసినవే. వాషింగ్ మెషీన్‌లో వేసి ఉతికించి, తడి బట్టల బకెట్ మోసుకుంటూ డాబా ఎక్కాను. కాలు పెట్టడానికి చోటు లేదు. డాబా నిండా పాత చీరలు, వాటి మీద పసుపు పట్టించిన మామిడి ముక్కలు. మధ్యలో గొడుగేసుకుని కాకుల్ని తోలుతూ ఎదురింటి సూరమ్మ పిన్ని. మా తులసికి నీళ్లు పోయమని డాబా మెట్ల తాళం ఇచ్చి వెళ్లింది ఈవిడకే.

నన్ను చూడగానే పిన్ని మొహం వాడిపోయింది.

“అప్పుడే వచ్చేసేరేటి బాబూ? ఇంకో రెండ్రోజులుండి వత్తారనుకున్నాను. మాగాయ ముక్కలింకా ఎండనేదు.”

“బట్టలు ఆరేసుకుందామని, పిన్నీ...” అన్నాను, నా డాబా మీద నేనే అద్దెకున్నవాడిలా.

“ఇక్కడొద్దు బాబూ. తడి తగిల్తే బూజట్టేత్తాది.”

బకెట్ ఎత్తుకుని దిగొచ్చాను. ఇప్పుడు మా హాల్లో కుర్చీల మీదా, టీవీ మీదా బట్టలే. రేపు ఆఫీసుకి వేసుకోవాల్సిన ప్యాంటు ఫ్రిజ్ తలుపుకి వేలాడుతోంది.

సాయంత్రం పిన్ని గుమ్మంలోకి వచ్చింది. ఊటీ ఎలా ఉందని అడుగుతుందేమో అనుకున్నాను.

“మళ్లీ ఎప్పుడెల్తారు బాబూ? మినప వడియాలెట్టాల.”

ఊరెళ్లొచ్చాక మీ డాబా మీద ఏం కనబడిందో మీరూ చెప్పండి. నేనైతే తాళం ఇంకా వెనక్కి అడగలేదు. మాగాయ సీసా మా ఇంటికొచ్చేదాకా అడిగే ఉద్దేశం కూడా లేదు.