మూడు జానల మోటారు

మొన్న ఆదివారం మా అన్న మనుమడు జనగామకు వచ్చి, వసారాలో నా పక్కన కూర్చుని, ఫోను నా కళ్లద్దాలకు తగిలేంత దగ్గరగా పెట్టి, రెండు పడవ మోటార్ల బొమ్మలు చూపించి, ఇందులో ఏది కొనమంటావు తాతా అని అడిగాడు. ముప్పై దాటిన మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, గోదావరి మీద వల వేసి బతుకుతున్నవాడు. జఫర్‌గఢ్ బడిలో పిల్లల చేత ఎక్కాలు వల్లె వేయించి రిటైరైన ముసలి పంతులును మోటారు సంగతి అడగడమేమిటని వినేవాళ్లకు నవ్వు రావచ్చు. నాకు మాత్రం రాలేదు. చాయ్ తెమ్మని లోపలికి కేకేసి, వానల గురించీ వాడి పిల్లల చదువు గురించీ అడిగి మాట దాటవేశాను. యాభై ఏళ్లకు పైగా ఈ ఒక్క మాటను దాటవేస్తూనే ఉన్నాను, ఇంకొక్క పూట దాటవేయలేనా అనుకున్నాను.

నా ఈడువాళ్లకు ఆ ఏడు మరిచిపోయేది కాదు. మా రాష్ట్రం మాకు కావాలని మొదటిసారి ఊళ్లకు ఊళ్లు లేచిన ఏడు అది. కాలేజీలు మూతపడ్డాయి, మేము పుస్తకాలు గూట్లో పడేసి రోడ్ల మీదికి వచ్చాము, గోడ కనబడితే నినాదం రాసేవాళ్లం. వరంగల్‌లో నా చదువు ఆగిపోయి, పెట్టె పట్టుకుని ఊరికి చేరాను. ఇప్పుడు భూపాలపల్లి జిల్లాలో చేర్చారు గానీ, అప్పుడు మా ఊరు ఏ జిల్లాలో ఉన్నా ఎవరికీ పట్టని ఊరు, గోదావరి ఒడ్డున ఇసుకలో కాళ్లు కడుక్కునే నలభై గడపలు. నాయిన నా చిన్నప్పుడే పోతే, నాకంటే ఆరేళ్లు పెద్దవాడైన మా అన్న పడవ నడిపి, వల వేసి, నన్ను చదివించాడు. తాను ఒక్క అక్షరం నేర్చుకోలేదు. నేను పేపరు చదువుతుంటే మాత్రం ఎదురుగా కూర్చుని, అర్థమైనా కాకపోయినా, నా పెదవుల వంకే చూసేవాడు.

ఆ రోజుల్లో ఎగువ మడుగుకు పోవాలంటే గడ వేసి, తెడ్డు వేసి, ఏటికి ఎదురుగా సగం పొద్దు కష్టపడాలి. తిరిగి వచ్చి చేపలు అంగడికి చేర్చేసరికి వాటి కళ్లు తెల్లబడేవి, కొనేవాళ్లు మొహం తిప్పుకునేవారు. పడవకు మోటారు పెడితే ఈ బాధ తప్పుతుందని అన్న రెండేళ్లుగా అంటున్నాడు. మా వదినది టేకుమట్ల. వాళ్ల ఊరి రైతు ఒకాయన కేసముద్రం స్టేషను దగ్గర ఆయిలింజన్ల దుకాణంలో ఇంజను కొన్నాడట, అక్కడ పడవ మోటార్లు రెండు దిగాయని ఆయనే కబురు చెప్పాడు. అన్న నన్ను వెంట రమ్మన్నాడు, కాగితాల మీద ఇంగ్లీషులో ఏముందో చదివేవాడు కావాలి కదా.

బస్సులు ఉన్న రోజు చూసుకుని వరంగల్ చేరి, అక్కడి నుంచి రైల్లో కేసముద్రంలో దిగి, వడ్ల బస్తాల లారీల సందుల్లోంచి ఆ దుకాణానికి పోయాము. యజమాని కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాడు, తెల్లటి పంచె, మెడలో తువ్వాలు, మంచి మాటకారి. రెండు మోటార్లూ బల్లకు బిగించి ఉన్నాయి. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. మోటారు నుంచి నీళ్లలోకి దిగే ఇనుప కాడ, దాని చివర తిరిగే రెక్క, అంతా కొత్త రంగు వాసన. అన్న కాగితాలు అడగలేదు. వంగి, బొటనవేలూ చిటికెనవేలూ చాచి, ఆ కాడలను జానలతో కొలిచాడు. చిన్నదాని కాడ రెండు జానలకు తక్కువ, పెద్దది ఇంచుమించు మూడు జానలు. కొలిచి, లేచి, "గిది ఎంత లోతుల తిరుగుతది సేటూ?" అని అడిగాడు.

ఆయన, "తిరుగుతదీ..." అని మా యాసలోనే ఆ మాటను సాగదీసి అన్నాడు. దుకాణంలో నలుగురు నవ్వారు. వెక్కిరించాలనే అన్నాడో, నోటికి అలవాటై అన్నాడో ఇప్పటికీ నాకు తెలియదు. అన్న కూడా వాళ్లతోపాటు నవ్వేశాడు, ఆయనకు అదేమీ పట్టింపు కాదు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. కాలేజీలో మా మాటకు నవ్విన అయ్యవార్లందరూ ఆ పంచెలో నిలబడినట్టు కనిపించారు. నవ్వాక ఆయన చెప్పింది ఇది: "ఏవండీ, ఆ పెద్దది మీకెందుకండీ? అది సముద్రానికి. మీ గోదారంతా ఇసక, ఎండాకాలం మోకాలు దాకా నీళ్లుండవు. చిన్నది పట్టికెళ్లండి, కాడ పొట్టిగా ఉంటే దిబ్బలకు తగలదు."

మంచి మాట. పెద్ద బేరం పోతుందని తెలిసీ చెప్పిన మాట. నాకు అందులో ఒక్కటే వినిపించింది, పెద్దది మీకెందుకు అని. మాకెందుకు కాదు, మాకు ఎందుకు వద్దు, ఎప్పుడూ చిన్నదే మా వంతా అని ఏదేదో అరిచాను, నీళ్ల గురించీ ఉద్యోగాల గురించీ కూడా అరిచినట్టు గుర్తు. దుకాణంలో పనిచేసే సాయిబు మెకానిక్ చేతులు తుడుచుకుంటూ నన్ను పక్కకు పిలిచి, తొందరపడి తేల్చొద్దన్నట్టు, "బేటా, జర సోంచాయించు. మా సేటుకు నోరు మంచిగ లేదు గానీ ఇంజన్ల కాడ అబద్ధం ఆడడు" అన్నాడు. ఆయన దగ్గర జీతానికి ఉన్నవాడు ఆయన మాటే చెబుతాడని కొట్టిపారేశాను. అన్న మళ్లీ ఒకసారి చిన్న మోటారు కాడ మీద చెయ్యి వేసి, నా మొహం చూసి, చెయ్యి తీసేశాడు.

"నువ్వు చెప్పురా, నువ్వు చదువుకున్నోనివి" అన్నాడు.

పెద్దది తెచ్చాము. ఊరంతా ఒడ్డుకు వచ్చింది, పిల్లలు పడవ వెంట ఇసుకలో ఉరికారు. వదిన మోటారుకు బొట్టు పెట్టింది. మొదటి రోజు నుంచే దిబ్బల దగ్గర కాడ తగిలేది, అన్న చటుక్కున మోటారును పైకి ఎత్తి, గడ వేసి దాటి, మళ్లీ దించేవాడు. కొన్నాళ్లకు అది ఆయనకు చేతి అలవాటైంది. ఎలా ఉందన్నా అని అడిగితే, "ఏముంది, ముసలిగుర్రం లెక్క జర మొండి" అని నవ్వేవాడు. అది బరువు కూడా ఎక్కువే, వెనక అంచు నీళ్లకు నాలుగు వేళ్ల ఎత్తులో ఉండేది. నేను చూశాను. చూసి, ఏమీ అనకుండా, బస్సు దొరికిన రోజున ఊరేగింపుల కోసం వరంగల్ వెళ్లిపోయాను.

వానలు పడి కొత్త నీళ్లు వచ్చిన వారంలో జరిగింది. అన్న, వదిన తమ్ముడు ఇద్దరూ వల తీయడానికి పోయారు. ఎర్రనీళ్ల కింద దిబ్బలు ఎక్కడికి జరిగాయో ఎవరికీ కనబడదు. నడి ఏట్లో కాడ కొత్త ఇసుకలో దిగబడి మోటారు ఆగిపోయింది. పడవ ముందుభాగం వరదకు తిరిగిపోయింది, వెనకభాగం మాత్రం కాడతో పాతేసినట్టు అక్కడే నిలిచింది. మోటారు ఎత్తుదామని అన్న వెనక్కి పోయాడు. మనిషి బరువూ మోటారు బరువూ కలిసేసరికి అంచు మీదుగా ఏరు లోపలికి వచ్చింది. వదిన తమ్ముడు ఈది బయటపడ్డాడు. అన్న కాలు వలలో చిక్కుకుంది. మూడో రోజు పొద్దున రెండు కోసుల దూరాన, ఏటి దిగువన తుమ్మచెట్ల దగ్గర దొరికాడు.

నాకు చెప్పడానికి బయలుదేరిన మనిషిని హన్మకొండకు అవతలే, రోడ్డు బంద్ చేస్తున్న మా ఉద్యమం వాళ్లే బస్సు ఆపి దింపేశారు. ఆపింది మా జట్టు కాదు. కానీ మా జట్టు అక్కడ ఉంటే మేమూ ఆపేవాళ్లమే, ఆ రోజు మేము వేరే రోడ్డు మీద అదే పని చేస్తున్నాము. అతను నడిచి, లారీ ఎక్కి, మళ్లీ నడిచి నన్ను వెతికి పట్టుకునేసరికి, నేను ఊరు చేరేసరికి, అన్నను కాల్చిన చోట బూడిద మీద వాన పడుతోంది. మా పోరాటం తప్పని నేను ఏనాడూ అనుకోలేదు, ఇప్పటికీ అనుకోను. ఆ వాన మాత్రం నా మీద ఇంకా పడుతూనే ఉంది.

నేను బడిపంతులునయ్యాక వదిననూ అన్న కొడుకునూ నాకు చేతనైనంత చూసుకున్నాను. మోటారు ఎవరు ఎంచారన్నది ఆమెకు తెలియదనే అనుకునేవాడిని. చెప్పే ధైర్యం ఎన్నడూ రాలేదు. రాష్ట్రం వచ్చిందని ప్రకటించిన రోజు నేను ఊళ్లోనే ఉన్నాను. టపాకులు, డప్పులు, రంగులు. ముసలిదైపోయిన వదిన నా నోట్లో లడ్డు పెట్టి, చెంగుతో నా మూతి తుడిచి, మామూలుగా అంది: "మీ అన్న నాకు చెప్పిండు, చిన్నదే మంచిగుండె అని. మరి ఎందుకు తెచ్చినవంటే, నలుగురి ముంగట తమ్ముని మాట తీసెయ్యబుద్ధి గాలేదే అన్నడు. ఇయ్యాల ఉంటే ఎంత సంబురపడునో." ఆమె నలభై ఏళ్లకు పైగా తెలిసి తెలిసి నాకు అన్నం పెట్టింది.

చాయ్ అయిపోయాక మనుమడు మళ్లీ ఫోను తీశాడు. కాకినాడ వైపు పడవలు బాగుచేసే ఒకాయన పెట్టే వీడియోలు వీడు చూస్తాడట, ఫోను చేసి అడిగితే ఇసుక ఉన్నచోట పొట్టి కాడదే తీసుకొమ్మని చెప్పాడట. మన మాటకు నవ్వలేదా అని అడిగాను. వాడికి నా ప్రశ్న అర్థం కాలేదు. "ఎందుకు నవ్వుతడు తాతా? ఆయన మాట ఆయనది, నా మాట నాది" అన్నాడు. ఎంత తేలిగ్గా అన్నాడో. ఆ తేలిక కోసమే కదా మేము ఊళ్లు తిరిగింది, దెబ్బలు తిన్నది. అది వీళ్లకు వచ్చింది, మాకు రావలసిన వయసులో రాలేదు. ఆనాడు కేసముద్రంలో ఆ సేటు నవ్వకుండా చెప్పి ఉంటే, లేదా ఆయన నవ్వినా నేను విని ఉంటే, మా అన్న ఈ వసారాలో నాకు ఎదురుగా కూర్చుని, నా పెదవుల వంక చూస్తూ ఉండేవాడు.

"అయినా నువ్వు చెప్పు తాతా, నువ్వు చదువుకున్నోనివి" అన్నాడు వాడు.

వాడి చెయ్యి పట్టుకుని, వేళ్లు విప్పి, బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా చూశాను. అచ్చం అన్న జానే. నన్ను అడగకురా, పోయి ఈ చేత్తో కొలుచుకో, ఈ చెయ్యి ఏది చెబితే అదే తెచ్చుకో అన్నాను.