నా బదులు సమ్మక్కను దింపిన కోచ్ సార్

మా కోచ్ సార్ పోయారన్న సంగతి మా నాన్న ఫోన్ చేసి చెప్పాడు. మద్దేడ్‌లో, సొంతింట్లో, పొద్దున టీ తాగి అరుగు మీద కూర్చున్న మనిషి అలాగే పక్కకు ఒరిగిపోయారట. జిల్లా ఆస్పత్రి ఉన్న బీజాపూర్‌కి తీసుకెళ్లేలోపే అయిపోయింది. ఇదంతా చెప్పాక నాన్న ఇంకో మాట కూడా అన్నాడు.

"చాలా మంచోడమ్మా. ఏటైనా గానీ, ఆ రోజు నిన్ను బయటికి తియ్యకుండా ఉండాల్సింది."

ఆ రోజు జరిగి పదిహేనేళ్లు దాటింది. గీదంలో మా వయసువాళ్లు, మా నాన్న వయసువాళ్లు ఇంకా దాని గురించి వాదించుకుంటూనే ఉన్నారు. మనిషి పోయాడన్న మాట వెనకాలే ఆ వాదన వచ్చిందంటే అందులో అగౌరవం ఏమీ లేదు. మా ఊళ్లో ఆయన్ని తలుచుకునే పద్ధతే అది.

మా నాన్న గీదం స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేసేవాడు. శ్రీకాకుళం వైపు నుంచి రాష్ట్రం దాటి, హిందీ మాట్లాడే ఈ అడవి ప్రాంతపు రైల్వే లైనుకి వచ్చి ఇక్కడే ఉండిపోయిన రైల్వే కుటుంబాల్లో మాదొకటి. నేను కాలేజీలో చేరిన ఏడాదే ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టు మొదలైంది. మా కోర్టు రోడ్డు పక్కనే ఉండేది, గోడ నడుమెత్తు. సాయంత్రం పూట జీపుల డ్రైవర్లు, సంతకొచ్చినవాళ్లు, డ్యూటీ దిగిన రైల్వేవాళ్లు ఆ గోడ మీద చేతులాన్చి నిలబడేవారు. మొదట్లో ఆడపిల్లలు నిక్కర్లేసుకుని గెంతుతున్నారని చూడ్డానికి వచ్చారు. ఏడాది తిరిగేసరికి ఎవరు ఎడమచేత్తో బంతి కొట్టలేరో, ఎవరు రెండో సగంలో నీరసపడతారో గోడవతల వాళ్లకే ఎక్కువ తెలిసేది.

కోచ్ సార్ కాలేజీ క్రీడాధికారి. పొట్టి మనిషి. మ్యాచ్ జరుగుతుంటే కుర్చీ వేసినా కూర్చోరు, బెంచీ చివర గొంతుక్కూర్చునేవారు. అరవరు. ఆటగత్తెను మార్చాలనుకుంటే బెంచీ మీదున్న పిల్ల భుజం మీద రెండు వేళ్లతో తట్టేవారు, అంతే. హిందీలో ఆట నేర్పేవారు, నాతో తెలుగులో మాట్లాడేవారు, అడవి లోపలి ఊళ్ల పిల్లలతో వాళ్ల గోండీలోనో దోర్లీలోనో. మెచ్చుకోవడం మాత్రం ఏ భాషలోనూ రాదు ఆయనకి. ఆలస్యంగా వచ్చిన పిల్ల వంక ఆ పూటంతా చూసేవారు కాదు. అది మాకు తిట్టుకంటే కష్టంగా ఉండేది.

ప్రాక్టీసు అయ్యాక ఆయన బస్టాండు దగ్గర సాహూ టీ కొట్టుకి వెళ్లేవారు. అక్కడ ఆయన గురించి, ఆయన ఎదుటే, ఆయన లేనట్టుగా వాదనలు జరిగేవి. చివర్లో ఫలానా పిల్లని ఎందుకు దింపాడు, ఫలానా పిల్లని ముందే ఎందుకు తియ్యలేదు అని. ఆయన గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని వినేవారు. అంతా విని, "అయితే నువ్వైతే ఎవరిని పంపేటోనివి?" అని అడిగేవారు. అవతలి మనిషి చెప్పిందంతా వినేసి, "అది కూడా సరే" అనేవారు. ఒక్కసారి కూడా తాను చేసింది సరైనదని చెప్పుకోలేదు. దాంతో వాళ్లకి ఒళ్లు మండేది.

నేను రెండో సంవత్సరంలో ఉండగా అంతర్ కళాశాలల పోటీల ఫైనల్ మా కోర్టులోనే జరిగింది. ఎదురుగా జగదల్‌పూర్ జట్టు. గోడ పొడవునా మనుషులు, గోడ మీద కూడా మనుషులు. రెండు నిమిషాలు ఉందనగా మేము నాలుగు పాయింట్లు ముందున్నాం. మా పాయింట్లలో సగానికి పైగా నేను వేసినవే. బంతి బయటికి పోయి ఆట ఆగింది. బజర్ మోగింది. చూస్తే గీత దగ్గర సమ్మక్క నిలబడి ఉంది, నా నంబరు చూపిస్తున్నారు.

సమ్మక్క మొదటి సంవత్సరం పిల్ల. భోపాలపట్నం అవతల, బస్సు దిగి మూడు గంటలు నడిస్తే వచ్చే ఊరు. దోర్ల తెగ వాళ్లు. వాళ్లమ్మానాన్నా ఇప్పపువ్వు, తునికాకు ఏరుకుని, కొంచెం వరి పండించుకుని బతికేవాళ్లు. వాళ్లూరి నుంచి కాలేజీకి వచ్చిన మొదటి ఆడపిల్ల. హాస్టల్లో ఎవరితోనూ పెద్దగా మాట్లాడేది కాదు. బాగా ఉరికేది. కానీ అప్పటిదాకా ఏ మ్యాచ్‌లోనూ చివరి ఐదు నిమిషాల్లో ఆడలేదు.

నేను బెంచీ మీద కూర్చున్నాను. కోచ్ సార్ నావైపు తిరిగి, "బెంచీ మీదున్నా ఆటలో ఉన్నట్టే బిడ్డా. నీళ్లు తాగుకుంట చూడు" అన్నారు. నేను నీళ్లు ముట్టుకోలేదు.

సమ్మక్క చేతికి మొదటిసారి బంతి రాగానే ఇద్దరు మీద పడ్డారు, జారిపోయింది. జగదల్‌పూర్ వాళ్లు రెండు పాయింట్లు వేశారు. గోడ వైపు నుంచి నా పేరు పెట్టి కేకలు మొదలయ్యాయి. ఒక నిమిషం లోపు ఉండగా సార్ టైమ్‌ఔట్ అడిగారు. నన్ను మళ్లీ పంపిస్తారనుకున్నాను. అందరూ అలాగే అనుకున్నారు. లేచి షూ లేసు గట్టిగా బిగించుకున్నాను కూడా. సార్ ఐదుగురినీ దగ్గరికి పిలిచి, సమ్మక్కతో దోర్లీలో రెండు ముక్కలు చెప్పి, ఆ ఐదుగురినే వెనక్కి పంపారు.

జగదల్‌పూర్ వాళ్లు దూరం నుంచి మూడు పాయింట్ల బంతి ఒకటి వేశారు. మేము ఒక్క పాయింటుతో ఓడిపోయాం. ఆఖరి బంతి కూడా సమ్మక్కే వేసింది. రింగు అంచుకి తగిలి బయటపడింది.

ఆ తర్వాత వారం రోజులు గీదంలో వేరే మాట లేదు. నాకు నాలుగు ఫౌల్స్ అయ్యాయి, ఐదోది పడితే ఎలాగూ బయటికే కాబట్టి తీశాడని కొందరు. నాకు అయినవి రెండే. కాలు బెణికిందని కొందరు. బెణకలేదు. అన్నిటికంటే చెడ్డ మాట ఇంకొకటి వచ్చింది. సమ్మక్కది తన మద్దేడ్ వైపు ఊరు కాబట్టి దింపాడు, రైల్వేవాళ్ల పిల్లకి పేరు రాకూడదనుకున్నాడు అని. ఆ మాట మా క్వార్టర్స్‌లోనే పుట్టిందని నాకు తర్వాత తెలిసింది. మా నాన్న టీ కొట్టుకి వెళ్లి నలుగురి ముందూ అడిగాడు.

"మాస్టారూ, మా పిల్ల ఏటి తప్పు చేసింది?"

"ఏం చెయ్యలేదన్నా."

"మరెందుకు తీసీసినారు?"

"నేనే తీసిన. ఓడింది కూడా నా లెక్కలనే రాసుకో" అన్నారట కోచ్ సార్. సాహూ కూడా ఉండబట్టలేక, "గురూజీ, టైమ్‌ఔట్‌లో అయినా పంపాల్సింది కదా" అన్నాడట. సార్ ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టి లేచి వెళ్లిపోయారు. ఆయన "అది కూడా సరే" అనకుండా వెళ్లింది ఆ ఒక్కరోజే అంటాడు మా నాన్న.

నేను ప్రాక్టీసుకి వెళ్లడం మానేశాను. అయిదో రోజు సాయంత్రం కోచ్ సార్ మా క్వార్టర్‌కి వచ్చారు. అమ్మ స్టూలు వేసి టీ ఇచ్చింది. నాన్న వరండాలోనే ఉన్నాడు, లోపలికి రాలేదు. సార్ క్షమాపణ చెబుతారేమో, లేదా కారణం చెబుతారేమో అని నేను తలుపు పక్కన నిలబడ్డాను. ఆయన టీ సగం తాగి అన్నారు.

"సమ్మక్క పెట్టె సర్దుకుంది. ఇంటికి పోతనంటంది."

"ఎందుకు సార్?"

"తన వల్లనే నువ్వు ఆట మానేసినవనుకుంటంది. నేను చెప్తే వింటలేదు."

నాకు కోపం తగ్గలేదు. కానీ ఆ పెట్టె నాకు తెలుసు. హాస్టల్‌కి వెళ్లినప్పుడల్లా ఆ పిల్ల మంచం కింద కనబడేది, ఆకుపచ్చ రేకుపెట్టె. దాన్ని నెత్తిన పెట్టుకుని మూడు గంటలు ఆ పిల్ల అడవిదారిలో నడవడం, ఊళ్లో వాళ్లు ఎందుకొచ్చేశావని అడగడం, తర్వాత ఆ ఊరి నుంచి ఇంకో ఆడపిల్లను ఎవరూ పంపకపోవడం, అన్నీ ఒక్కసారి నా కళ్లముందు కనబడ్డాయి. అప్పటికి నాకు పంతొమ్మిదేళ్లు. మర్నాడు పొద్దున్నే కోర్టుకి వెళ్లాను. సమ్మక్క గోడవతల నుంచి చూస్తోంది. బంతి అటు విసిరాను. పట్టుకుంది. మా మధ్య ఆ విషయం గురించి అంతకుమించి మాటలు నడవలేదు.

మరుసటి ఏడాది మేము సెమీఫైనల్లోనే ఓడిపోయాం, పదమూడు పాయింట్లతో. ఆ మ్యాచ్ ఎవరికీ గుర్తులేదు.

డిగ్రీ అయ్యాక నేను పీటీ టీచర్ని అయ్యాను. ఇప్పుడు బచేలీలో ఒక స్కూల్లో పనిచేస్తున్నాను. మొదటిసారి నా జట్టుని పోటీకి తీసుకెళ్లినప్పుడు, ఆట చివర్లో ఒక పిల్లని మార్చాలా వద్దా అని తేల్చుకోలేక, మార్చకుండా ఉండిపోయాను. గెలిచాం కూడా. అయినా మనసులో ఏదో నలిగి ఆ రాత్రికి ఆగలేక, దారిలో బస్సులోంచే కోచ్ సార్‌కి ఫోన్ చేశాను. అప్పటికి ఆయన రిటైరై మద్దేడ్ వెళ్లిపోయారు. అన్నేళ్లకి అప్పుడు అడిగాను, నన్నెందుకు తీశారని.

ఆయన వెంటనే చెప్పారు, ఎప్పుడడుగుతానా అని చూస్తున్నట్టు.

"నిన్ను తియ్యడం తప్పే బిడ్డా. నీ మొహం జూసి బెదిరినవనుకున్న. నువ్వు బెదరలే, అలుపు తీర్చుకుంటున్నవు. నేను తప్పుగ చూసిన."

"మరి ఈ మాట అప్పుడే చెప్పి ఉంటే అయిపోయేది కదా సార్. ఇన్నేళ్లు అందరి చేతా మాటలు పడ్డారు."

"ఏందంటే, నిన్ను తియ్యడం తప్పని నలుగురి ముంగట చెప్తే, ఆ పిల్లను దింపుడే తప్పని అయితది. అది ఇననీకి ఆ పిల్ల అక్కడే ఉండె."

"టైమ్‌ఔట్‌లో?"

"అది తెలిసే చేసిన. ఒక్క బంతి జారిందని బయటికి గుంజితే, ఆ పిల్ల మళ్ల బంతి ముట్టదు. కప్పు పోతదని తెలుసు. పోనీ అనుకున్న." ఆ మాట మీదే, "నువ్వు కోపమొచ్చినా మళ్లొస్తవని తెలుసు. ఆమె రాదు" అన్నారు.

బస్సు గతుకుల్లో పడి లైను తెగిపోయింది. మళ్లీ చేస్తే వేరే సంగతులు మాట్లాడారు. పొలంలో నాట్లు, మోకాలి నొప్పి, మా నాన్న షుగరు.

నేనా మాట ఎవరికీ చెప్పలేదు. మొన్న ఆయన పోయిన రోజు నేను గీదం చేరాక, అక్కణ్నుంచి జీపు కట్టించుకుని తొమ్మిది మందిమి మద్దేడ్ బయల్దేరాం. మా నాన్న, సాహూ, పాత డ్రైవర్లు ఇద్దరు, నాతో ఆడినవాళ్లు కొందరు. జీపు భైరంగఢ్ దాటింది. ఆ తర్వాత సాహూ, "నాలుగు ఫౌల్సే, నాకు బాగా గుర్తు" అని మొదలుపెట్టాడు. మా నాన్న కాదన్నాడు. బీజాపూర్ వచ్చేవరకూ ఆ రెండు నిమిషాలు మళ్లీ ఆడారు. మాట్లాడుతూ మాట్లాడుతూ సాహూ కండువాతో కళ్లు తుడుచుకున్నాడు, కానీ వాదన ఆపలేదు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. చెప్పేస్తే తేలిపోతుంది. తేలిపోతే ఇంక వాళ్లు ఆయన గురించి ఏం మాట్లాడుకుంటారనిపించింది.

మద్దేడ్‌లో ఇంటి ముందు సమ్మక్క కనిపించింది. ఇప్పుడు బీజాపూర్ దగ్గర ఆరోగ్య కేంద్రంలో నర్సు. డ్యూటీ నుంచి నేరుగా వచ్చిందట, చేతికి ఇంకా గడియారం, చీర మీది తెల్లకోటు జేబులో పెన్ను. మగవాళ్లు శవాన్ని తీసుకెళ్లాక మేమిద్దరం ఇంటి వెనక వేపచెట్టు నీడలో కూర్చున్నాం. ఇక దాచడం ఎందుకనిపించి ఆ ఫోన్ సంగతి చెప్పాను. ఆమె నెమ్మదిగా తలూపింది.

"నాకు ఎరికే అక్కా. నా పెండ్లికి వచ్చినప్పుడు చెప్పిండు. 'నీ అక్కను తియ్యకుండ ఉండాల్సింది, నిన్ను దింపినందుకు మాత్రం నాకు బాధ లేదు' అన్నడు."

"ఆ రోజు టైమ్‌ఔట్‌లో నీతో ఏం చెప్పారు?"

సమ్మక్క కొంచెం నవ్వింది. "ఏం లేదు. 'నీళ్లు తాగినవా' అని అడిగిండు. తాగిన అన్న. 'అయితే పో' అన్నడు."

మగవాళ్లు తిరిగొచ్చేవరకూ ఇంట్లో కూర్చోలేక అలా నడుచుకుంటూ బడి వైపు వెళ్లాం. బడి మైదానంలో ఒక టేకు గుంజకి పలక కొట్టి రింగు బిగించి ఉంది. సార్ పెట్టించిందేనట, ఊరికి తిరిగొచ్చిన ఏడాది. ఆ పూట ఆడొద్దని పెద్దవాళ్లు చెప్పి ఉంటారు, నలుగురైదుగురు ఆడపిల్లలు గుంజ నీడలో బంతి ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చున్నారు. మమ్మల్ని చూసి లేచారు. అందులో చిన్నది, రెండు జడల పిల్ల, ఏమీ అడక్కుండా బంతిని సమ్మక్క చేతికిచ్చింది.

సమ్మక్క చెప్పులు విప్పేసింది. చీర కుచ్చిళ్లు కొంచెం పైకి దోపుకుని, ఎండకి కాగిన నేల మీద ఉత్తకాళ్లతో నిలబడి, రింగు వైపు ఒకసారి చూసి వేసింది. బంతి పలకకి కొట్టుకుని పక్కకి పడి, దుమ్ములో దొర్లుకుంటూ కంచె దాకా పోయింది. రెండు జడల పిల్ల ఉరికెళ్లి తెచ్చి మళ్లీ ఆమె చేతుల్లోనే పెట్టింది.

"ఇంకోసారి ఎయ్యక్కా" అంది.